సభలో ఇచ్చిన మాటకు లెక్క ఉండాలి: కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

వావిలాల గోపాలకృష్ణయ్య గారిని నాలుగుసార్లు శాసనసభకు పంపిన సత్తెనపల్లి నుంచి ఈ లేఖ రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ విద్యార్థులకు పౌరశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుందని ప్రతి ఏడాదీ నల్లబల్ల మీద రాసేవాణ్ణి. ఆ బాధ్యత ఆచరణలో నిలబడేది సభ్యుడు లేచి అడిగే ప్రశ్న మీద, మంత్రి దానికి చెప్పే జవాబు మీద. ఆ రెండూ బలహీనపడుతున్న తీరు నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

కొన్నేళ్ల క్రితం మా ప్రాంతంలో పత్తి కొనుగోలు ఆలస్యమై రైతులు బండ్లతో రోజుల తరబడి నిలబడాల్సి వచ్చినప్పుడు, మేము కొందరం కలిసి ఒక ఎంపీ గారికి వినతిపత్రం ఇచ్చాం. ఆయన శ్రద్ధగా దాన్ని నక్షత్ర గుర్తు ప్రశ్నగా, అంటే మంత్రి సభలో నోటిమాటగా జవాబు చెప్పవలసిన ప్రశ్నగా పంపారు, అది ఆ రోజు జాబితాలోకి వచ్చింది కూడా. కానీ ఆ ఉదయం సభ మొదలైన కాసేపటికే వాయిదా పడింది. సాయంత్రానికి లిఖితపూర్వక సమాధానం మాత్రం వచ్చింది. అందులో దేశవ్యాప్త పథకాల వివరణ పేజీన్నర ఉంది, మా జిల్లా గురించి ఒక్క అంకె లేదు. ఎంపీ గారికి అనుబంధ ప్రశ్న వేసే అవకాశమే లేకపోయింది.

మంత్రి గారూ, నక్షత్ర గుర్తు ప్రశ్నకున్న విలువంతా ఆ అనుబంధ ప్రశ్నలోనే ఉంది. లోక్‌సభలో రోజుకు ఇరవై ప్రశ్నలకు ఆ గుర్తు దక్కుతుంది. సభ సజావుగా సాగిన రోజున కూడా వాటిలో కొన్ని మాత్రమే నోటిమాటగా చర్చకు వస్తాయి, మిగిలినవి కాగితం మీది జవాబులతో ముగిసిపోతాయి. అధికారులు రాసిచ్చిన మొదటి జవాబును చదవడం ఏ మంత్రికైనా సులువే. ఆ జవాబులో దాటవేసిన చోటును పట్టుకుని సభ్యుడు అక్కడికక్కడే అడిగే రెండో ప్రశ్నకు మాత్రం శాఖను నిజంగా తెలుసుకున్న మంత్రే నిలబడి చెప్పగలరు.

దీనికి 1957 కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అప్పటికి ఏర్పడి ఏడాది కూడా నిండని ప్రభుత్వ జీవిత బీమా సంస్థ (ఎల్ఐసీ), తన పెట్టుబడుల కమిటీని సంప్రదించకుండానే, ఆ జూన్‌లో వ్యాపారి హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల వాటాలను దాదాపు 1.24 కోట్ల రూపాయలకు కొన్నది. సభ్యులు ప్రశ్నలు వేశారు, జవాబులు తృప్తినివ్వలేదు, మళ్లీ అడిగారు. చివరికి డిసెంబరు 16న ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో ఆ లావాదేవీని తేదీలతో, ధరలతో సహా విప్పి చెప్పారు. ఇంత పెద్ద విషయాలు జరిగినప్పుడు మౌనంగా ఉండడం నేరమవుతుందని ఆయన అన్నారు. ఆయన కూర్చున్నది అధికార పక్షపు బెంచీలలో, ప్రధానమంత్రి నెహ్రూ ఆయనకు స్వయానా మామగారు. అయినా ప్రభుత్వం బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చాగ్లాతో విచారణ జరిపించింది. అది బహిరంగంగా, వేగంగా సాగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. పాలసీదారుల సొమ్ముకు కాపలా కాసింది సభలో విడవకుండా అడిగిన ప్రశ్నలేనని నేను పిల్లలకు చెప్పేవాణ్ణి, ఇప్పటికీ అలాగే నమ్ముతున్నాను.

2020 సెప్టెంబరు సమావేశాల్లో కోవిడ్ కారణంగా ప్రశ్నోత్తరాల సమయాన్నే తీసేసి, లిఖితపూర్వక జవాబులతో సరిపెట్టారు. అది అసాధారణ కాలమని ఒప్పుకుంటాను. అయితే అంతటి కాలంలోనే అడగవలసినవి ఎక్కువ ఉంటాయి.

ఇక హామీల సంగతి నేరుగా మీ శాఖకు చెందినది. 'పరిశీలనలో ఉంది', 'సమాచారం సేకరించి సభ ముందుంచుతాం' అని మంత్రులు అన్నప్పుడల్లా దాన్ని హామీగా గుర్తించి, సంబంధిత శాఖకు పంపి, మూడు నెలల్లో నెరవేరేలా చూడవలసింది మీరే. లోక్‌సభలో హామీల కమిటీ 1953 నుంచీ పనిచేస్తోంది. అయినా గడువు మీద గడువు అడగడం, చివరికి ఆ హామీని జాబితా నుంచి తొలగించమని కోరడం శాఖలకు అలవాటైపోయింది.

సభలో పలికిన మాట విలువ తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల ప్రత్యేక హోదా ప్రకటించారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2016లో దాని బదులు ప్రత్యేక సాయం ప్రకటించింది. హోదా మంచిచెడ్డల జోలికి నేను ఇక్కడ వెళ్లడం లేదు. సభలో ప్రధాని ఇచ్చిన మాటను తర్వాతి ప్రభుత్వం మార్చుకోదలిస్తే, ఆ కారణాలను అదే సభలో, సభ్యులు ఎదురు ప్రశ్నలు వేయగల తీరులో చెప్పాలన్నదే నా వాదన. 2018 మార్చిలో ఇదే విషయమై తెలుగు సభ్యులు ఇచ్చిన అవిశ్వాస తీర్మానపు నోటీసులను, సభ సద్దుమణగలేదన్న కారణంతో రోజుల తరబడి చేపట్టలేదు. ఆ గందరగోళంలో మా సభ్యుల పాత్ర కూడా ఉందని దాచను. కానీ అదే నెలలో, అలాంటి గందరగోళంలోనే, లక్షల కోట్ల బడ్జెట్ పద్దులు చర్చ లేకుండా ఆమోదం పొందాయి. అవిశ్వాసంపై చర్చ జరగడానికి జూలై 20 వరకు ఆగవలసి వచ్చింది. తీర్మానం 126–325 ఓట్ల తేడాతో వీగిపోయింది, కానీ ఆ రోజు ప్రభుత్వం గంటల తరబడి విని జవాబు చెప్పింది. ఓడిపోయిన తీర్మానం వల్ల కూడా అంత మేలు జరిగింది.

వాయిదా వల్ల నోటిమాటగా చర్చకు రాని నక్షత్ర గుర్తు ప్రశ్నలను ఆ శాఖ వంతు తిరిగి వచ్చిన రోజున ముందుగా చేపట్టేలా నిబంధనలు మార్చమని ఉభయసభల అధ్యక్షులను ప్రభుత్వం తరఫున మీరు కోరండి. ప్రతి సమావేశాల తొలిరోజున, ఏ శాఖ ఏ హామీని ఎంతకాలంగా నెరవేర్చలేదో, ఎందుకు నెరవేర్చలేదో తెలిపే పట్టికను తెలుగుతో సహా అన్ని భారతీయ భాషల్లో ప్రకటించండి. ఏదైనా హామీని తొలగించమని కోరే శాఖ మంత్రి, ఆ కోరికను సభలోనే వినిపించి కారణం చెప్పేలా చూడండి. వచ్చే సమావేశాలలోపు ఈ మూడింటిపై మీ శాఖ అభిప్రాయాన్ని, అది కాదనడమే అయినా సరే, కారణాలతో తెలియజేయమని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత పౌరశాస్త్ర అధ్యాపకుడు,
సత్తెనపల్లి, పల్నాడు జిల్లా