పిల్లాడి చేతికి కిరాయి ట్రాక్టర్: సిద్ధమో కాదో ఎవరు తేల్చాలి?

గౌరవనీయులైన కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ట్రాక్టర్ తోలి బతికేవాణ్ణి. సొంత పొలం దున్నుకుంటాను, మిగతా రోజుల్లో కిరాయికి తిప్పుతాను. మా అబ్బాయికి ఈమధ్యే 16 నిండాయి. పోయిన నెల పక్క పొలం ఆయన నన్ను దారిలో ఆపి, "మీవాడు బండి బాగా తోలుతున్నాడు కదా, సెలవుల్లో నా దగ్గరికి పంపు, పనికి తగ్గట్టు డబ్బులిస్తా" అన్నాడు. ముందు గర్వమేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. వీడు సిద్ధంగా ఉన్నాడా లేదా అని ఎవర్ని అడగాలో తోచలేదు. పక్క పొలం ఆయన్ని అడిగితే ఆయనకి డ్రైవర్ కావాలి. మావాణ్ణి అడిగితే వాడికి డబ్బులు కావాలి. నన్ను నేను అడుగుదామంటే నాకు వాడి మీద ముద్దు. ముగ్గురమూ 'సిద్ధమే' అంటాం. అందుకే మీకు రాస్తున్నాను.

నేను కిరాయి ట్రాక్టర్ ఎక్కింది 15 ఏళ్ళప్పుడు. ఎకరాకి ఇంత అని మాట్లాడుకున్న కూలి. ఒక రాత్రి దుక్కి తెల్లారేలోపు అయిపోవాలన్నాడు యజమాని. ఒకటే హెడ్‌లైట్ వెలుగుతోంది. అర్ధరాత్రి దాటాక కళ్ళు మూతలు పడటం మొదలైంది. ఎంత తిప్పానో గుర్తులేదు, ముందు చక్రం గట్టు దాటి కాలవలోకి జారి బండి ఓ పక్కకి ఒరిగి ఆగిపోయింది. నాకేం కాలేదు. ముందు యాక్సిల్ వంగింది, నా కూలిలో కోత పడింది. ఊళ్ళో వాళ్ళందరూ 'కుర్రాడు నిద్రపోయాడు' అన్నారు. అసలు సంగతి వేరు. చక్రం జారడానికి గంట ముందే నాకు భయమేసింది. పడుకుని పొద్దున్నే చేస్తానని యజమానికి చెప్పొచ్చు. చెబితే రేపటి నుంచి రావద్దంటాడని చెప్పలేదు. స్టీరింగ్ తిప్పడం నాకు బాగానే వచ్చు. 'ఇక చాలు, నావల్ల కాదు' అనడం రాదు.

సొంత పొలంలో తోలడానికీ కిరాయికి తోలడానికీ తేడా అక్కడే ఉంది. సొంత పొలంలో వానొస్తే బండి ఆపేసి ఇంటికొస్తాడు. అలసిపోతే నాన్నని పిలుస్తాడు. డబ్బులు తీసుకున్న చోట ఆపితే అడిగేవాడు ఒకడుంటాడు. ఆ అడిగేవాడు చెడ్డవాడు కానక్కర్లేదు, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడితే చాలు. పిల్లాడికి నోరు పెగలదు.

మావాడు ట్రాలీని రివర్సులో ఇరుకు సందులోకి ఒక్క దెబ్బకి పెట్టేస్తాడు. చూసిన పెద్దవాళ్ళు 'ఇంకేం, డ్రైవరైపోయాడు' అంటారు. ట్రాలీ రివర్సుని మనవాళ్ళు ఒక పరీక్షలా చూస్తారు, ఎందుకో నాకు తెలుసు, అది చూడ్డానికి బాగుంటుంది. అది చేతికి అలవాటైతే వచ్చే విద్య, పన్నెండేళ్ళవాడికీ రావొచ్చు. అందుకని నేను వేరే పరీక్షలు పెట్టాను, వాడికి చెప్పకుండా. కన్నకొడుకుని చాటుగా నిలబడి చూడటం కాస్త సిగ్గుగానే ఉంటుంది, అయినా చూశాను.

మొదటిది. రోటవేటర్ (ట్రాక్టర్ వెనక బ్లేడ్లు గిర్రున తిరుగుతూ మట్టిని పొడిచేసే పరికరం) ఇచ్చి ఒక పొలం చెక్క దున్నమని పంపి, చెట్టు వెనక నిలబడ్డాను. గడ్డి ఎక్కువున్న నేల, బ్లేడ్లకి చుట్టుకుంటుందని నాకు తెలుసు. మొదటిసారి చుట్టుకున్నప్పుడు పీటీవో, అంటే ఇంజన్ బలాన్ని వెనక పరికరానికి అందిస్తూ తిరిగే షాఫ్ట్, ఆపాడు, ఇంజన్ ఆపాడు, తాళం తీసి జేబులో వేసుకున్నాడు, అప్పుడు దిగాడు. రెండోసారీ అంతే. మూడోసారి చీకటి పడుతోంది, రెండు సాళ్ళు మిగిలాయి. షాఫ్ట్ తిరుగుతుండగానే దిగి వెనక్కి నడిచాడు. నేను గట్టిగా అరిస్తే ఆగిపోయాడు. ఎందుకలా చేశావురా అంటే, "రెండు సాళ్ళే కదా నాన్నా, అయిపోతుందనీ" అన్నాడు. వాడికి రూల్ తెలుసు. రెండుసార్లు పాటించాడు కూడా. పని చివరికొచ్చేసరికి రూల్ కన్నా పని పెద్దదైపోయింది.

ఆ షాఫ్ట్ గురించి తెలియనివాళ్ళ కోసం ఒక లెక్క చెబుతాను. నిమిషానికి 540 చుట్లు తిరిగే పీటీవో అంటే సెకనుకి 9 చుట్లు. చొక్కా కొసో, తువ్వాలో చిక్కితే ఒక్క సెకనులో రెండు మీటర్ల దాకా చుట్టేసుకుంటుంది. చెయ్యి వెనక్కి లాక్కునే సమయం ఎవరికీ ఉండదు, పెద్దవాడికీ ఉండదు. అందుకే ఇక్కడ చురుకుదనం లెక్కలోకి రాదు, తిరుగుతున్నప్పుడు దాని దగ్గరికి వెళ్ళకపోవడం ఒక్కటే లెక్క.

రెండోది మా చెల్లెలు సాయంతో. నేను చెప్పమన్నట్టే వెళ్ళి, "ఒరే, చంటాణ్ణి మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పరా" అంది. మావాడు ఒక్క క్షణం నా కోసం చుట్టూ చూశాడు. నేను కనపడలేదు. ఎక్కించుకున్నాడు. బండి కదలకముందే వెళ్ళి పిల్లాణ్ణి దించాను. ఒక సీటుకి ఒక మనిషే అని వాడికి ఎన్నోసార్లు చెప్పాను, మడ్‌గార్డ్ మీద నుంచి జారితే పడేది వెనక చక్రం కిందికేనని కూడా చెప్పాను. "అత్త అడిగితే ఎలా కాదంటాను" అన్నాడు. మంత్రి గారూ, అత్తకే కాదనలేనివాడు కూలి ఇచ్చే యజమానికి కాదనగలడా?

ఇంకొకటి పరీక్షగా పెట్టలేదు, పెట్టలేం కూడా. బురదలో దిగబడటం. వెనక చక్రాలు కూరుకుపోయి తిరగనప్పుడు ఇంజన్ బలం ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా, అది బండి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. బరువుని డ్రాబార్‌కి (బండి వెనక కింద ఉండే లాగుడు కడ్డీకి) కాకుండా పైన ఎక్కడో కట్టి లాగినా అంతే. లేచిన ట్రాక్టర్ వెనక్కి తిరగబడటానికి సెకనున్నర చాలు, అందులో సగం గడిచాక క్లచ్ తొక్కినా ప్రయోజనం ఉండదు. దిగబడ్డప్పుడు చెయ్యాల్సింది మెల్లగా వెనక్కి రావడం, రాకపోతే ఇంజన్ ఆపి ఇంకొకర్ని పిలవడం. పిలవడం అంటే 'బండిని బురదలో దిగబెట్టేశాను' అని ఒప్పుకోవడం. కిరాయికొచ్చిన పిల్లాడు ఆ మాట చెప్పడానికి ముందు ఇంకో రెండుసార్లు యాక్సిలరేటర్ తొక్కి చూస్తాడు. నేనైతే ఆ వయసులో తొక్కేవాణ్ణి.

ఒళ్ళు సంగతీ ఉంది. క్లచ్ పూర్తిగా తొక్కాలంటే సీటు మీద నుంచి ముందుకు జారాల్సి వస్తే ఆ బండి ఆ పిల్లాడిది కాదు. సీటూ పెడళ్ళూ పెద్దవాడి కొలతకి చేసినవి. ఇది ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయం, పెద్ద చర్చ అక్కర్లేదు. తోలుతూ ఫోను పట్టుకోకూడదని మళ్ళీ వేరే చెప్పాలా.

వయసు గీతలు ప్రపంచంలో లేకపోలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒప్పందం ప్రమాదమైన పనికి 18 ఏళ్ళు నిండాలంటుంది. ఆరోగ్యానికీ భద్రతకీ పూర్తి రక్షణ ఉండి, ఆ పనిలో సరైన శిక్షణ ఇస్తే 16 నుంచి అనుమతించవచ్చని ఒక తలుపు తెరిచి పెట్టింది. వ్యవసాయ పనుల భద్రత మీద 2001లో వచ్చిన 184వ ఒప్పందంలోనూ దాదాపు అదే మాట. బ్రిటన్‌లో 1998 నాటి నిబంధనల ప్రకారం 13 నిండని పిల్లలు వ్యవసాయ ట్రాక్టర్ నడపకూడదు, ఎక్కి తిరగకూడదు. అమెరికాలో 20 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్ మీద 16 లోపు వాళ్ళని కూలికి పెట్టకూడదు, శిక్షణ పొంది సర్టిఫికెట్ ఉన్న 14, 15 ఏళ్ళవాళ్ళకి మినహాయింపు. అక్కడే కన్నవాళ్ళ పొలంలో అయితే ఆ నిబంధనే వర్తించదు. 2011లో వాళ్ళ కార్మిక శాఖ ఈ నియమాలు బిగించబోయింది. రైతు కుటుంబాల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చి 2012లో వెనక్కి తీసుకుంది.

ఆ రైతుల్ని నేను తప్పుపట్టలేను. పొలం పని పిల్లాడికి పొలంలోనే వస్తుంది, 18 నిండాక ఒకరోజు పొద్దున్నే లేచి డ్రైవరవడు. కాకపోతే 'మా పిల్లాడి సంగతి మాకు తెలుసు' అనే మాటని నేను ఇప్పుడు అంత సులువుగా నమ్మను. చెట్టు వెనక నిలబడేదాకా మావాడి సంగతి నాకు తెలియదు.

ఉత్తర అమెరికాలో 1999లో తల్లిదండ్రుల కోసం పని వారీగా మార్గదర్శకాలు తయారుచేశారు. వయసు ఒక్కటే చూడకుండా, పెడళ్ళు అందుతున్నాయా, ప్రమాదాన్ని గుర్తుపడతాడా, వరసగా చెప్పిన పనులు గుర్తుంచుకుని చేస్తాడా, పెద్దవాళ్ళు ఎంత దగ్గరుండి చూడాలి, ఇలాంటివి అడుగుతాయి. మంచి ప్రశ్నలు. వాటికి నేను ఒక్కటి కలుపుతాను: పెద్దవాళ్ళు తప్పు పని చెబితే వద్దంటాడా? ఇక జవాబు చెప్పేది తల్లిదండ్రులే అయితే పేచీ మళ్ళీ మొదటికొస్తుంది.

కాబట్టి నేను అడిగేది ఇదీ. 16 లోపు పిల్లలకి డబ్బులిచ్చి ట్రాక్టర్ తోలించడం, ఎవరి పొలంలోనైనా, వద్దు. బాబాయి పొలం, మేనమామ పొలం అనే సందులు కూడా మూసేయాలి, కూలి ముట్టిన చోట చుట్టరికం లెక్కలోకి రాకూడదు. 16 నుంచి 18 మధ్య వాళ్ళకి 'ట్రాక్టర్ తోలవచ్చు' అని ఒక్క ముక్కలో అనుమతి ఇవ్వకండి. ఏ బండి, ఏ పరికరం, ఎలాంటి నేల అన్నది రాసి ఇవ్వాలి. చదును పొలంలో కల్టివేటర్ లాగగలిగినవాడు వాలు దారిలో లోడు ట్రాలీ దింపలేకపోవచ్చు. ఆ రాసేది ఆ పనిలో లాభం లేని మనిషి కావాలి. శిక్షణ ఇచ్చే ఉద్యోగి కావచ్చు, అనుభవం ఉన్న పాత డ్రైవర్ కావచ్చు, పిల్లాడి తండ్రి కాకూడదు, యజమాని కాకూడదు. ఒక్కరోజు పరీక్షతో సరిపెట్టకండి. మావాడి తప్పు మూడోసారి బయటపడింది, అదీ చీకటి పడుతున్నప్పుడు.

కూలి సంగతి మీ శాఖ చేతిలోనే ఉంది. 18 లోపు వాళ్ళకి ఎకరం లెక్కన, ట్రిప్పు లెక్కన కూలి ఇవ్వడం నిషేధించండి. గంట లెక్కన ఇస్తే ఆగినా నష్టం లేదు. ఎకరం లెక్కన ఇస్తే ఇంజన్ ఆపిన ప్రతి నిమిషం పిల్లాడి జేబులోంచి పోతుంది, ఇంజన్ ఆపకుండా షాఫ్ట్ దగ్గరికి నడిపించేది ఆ లెక్కే. పొద్దుగూకాక పని వద్దు. పిల్లాడు పని ఆపినందుకు, బండికి దెబ్బ తగిలినందుకు కూలి కోయకూడదని స్పష్టంగా రాయండి. నా కూలి కోసినప్పుడు నేను నేర్చుకున్నది జాగ్రత్త కాదు, ఇంకోసారి తప్పు జరిగితే దాచిపెట్టడం.

బండి గురించి ఒక్క మాట. బండి తిరగబడ్డా డ్రైవర్ నలిగిపోకుండా కాపాడే ఇనప చట్రం, దానితో పాటు సీటు బెల్టు లేని ట్రాక్టర్ మీద 18 లోపు వాళ్ళని ఎక్కించకూడదు. రెండూ కలిసే ఉండాలి. చట్రం ఉండి బెల్టు పెట్టుకోకపోతే మనిషి ఎగిరి ఆ చట్రం కిందే పడొచ్చు, చట్రం లేని బండిలో బెల్టు పెట్టుకుంటే బండితో పాటే కిందికి పోతాడు. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకి ఈ చట్రం తప్పనిసరి చేసింది. నా బండి పాతది, చట్రం లేదు. బిగించుకోవడానికి సాయం ఏదైనా ఇస్తే ముందు దరఖాస్తు పెట్టేది నేనే, ఈ మాట స్వార్థంతోనే అడుగుతున్నాను.

పక్క పొలం ఆయనకి నా జవాబు చెప్పాను. ఆయన బండికి చట్రం, బెల్టు రెండూ ఉన్నాయి. మావాడు వస్తాడు, కల్టివేటర్ పనికి మాత్రమే, పీటీవో పని వద్దు. పగలే. గంట లెక్కన. మొదటి వారం నేను గట్టు మీద ఉంటాను, నా రోజు కూలి నేనే పోగొట్టుకుంటాను. వాడు ఎప్పుడు ఆపుతానన్నా ఎందుకని అడగకూడదు. ఆయన నవ్వి, "ఇంత గొడవైతే పెద్దవాణ్ణే పెట్టుకుంటాలే" అన్నాడు. మావాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న సాయంత్రం రోటవేటర్ తోలుతూ దిగేముందు తాళం తీసి, నాకు కనపడేలా పైకెత్తి చూపించి, జేబులో వేసుకున్నాడు. నేను చూడనప్పుడు ఏం చేస్తాడో ఇంకా తెలియదు.

ఇట్లు,
ఒక ట్రాక్టర్ డ్రైవర్, ఒక తండ్రి