అంబాసిడర్‌ని తుక్కు కింద తూచేయకండి

అయ్యా,

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో మన దేశంలో కార్ల కథ వేశారు. అంబాసిడర్‌ని "అధికారుల బండి" అని ఒక్క ముక్కలో తేల్చేసి, 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకే జనం కారెక్కారని రాశారు. ముప్పై ఏళ్లు సర్కారీ డ్రైవరుగా ఆ బండే నడిపినవాణ్ణి. ఆ మాట నాకు మింగుడు పడలేదు.

మారుతి గొప్పది కాదనను. కానీ సంజయ్ గాంధీ మొదలుపెట్టిన ఆ కంపెనీ జనానికి కార్లు అందించకుండానే మూతపడిందనీ, తర్వాత ప్రభుత్వమే తీసుకుని సుజుకితో కలిసిందనీ కూడా రాయాలి కదా. లైసెన్సుల కాలంలో ఏ ఫ్యాక్టరీ ఎన్ని బళ్లు చేయాలో ఢిల్లీయే చెప్పేది. డబ్బు కట్టినా ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. తప్పు ఆ విధానానిది, బండిది కాదు.

జనం ఎక్కలేదనడం అసలే అబద్ధం. మా వైపు పెళ్లికైనా పురిటికైనా ట్యాక్సీ అంటే అంబాసిడరే. గేరు స్టీరింగు పక్కనుండేది, ముందు సీటు బల్లలా ఒకటే. డ్రైవరు పక్కన ఇద్దరు ముగ్గురు సర్దుకునేవారు. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో దారికడ్డంగా పడ్డ కొబ్బరిచెట్లు నరికించుకుంటూ వెళ్లాం. డిక్కీ నిండా క్లోరిన్ బిళ్లలు, పాలపొడి. నీళ్లలో ఆగిపోతే డిస్ట్రిబ్యూటరు (ఇంజన్లో ప్లగ్గులకి కరెంటు పంచే డబ్బా) మూత తీసి పొడిగుడ్డతో తుడిస్తే మళ్లీ స్టార్టయ్యేది.

ఇంకో సంగతి. 1982లో పాత షెవర్లే వ్యాను మీద నిలబడి ఎన్టీఆర్ ఊరూరా తిరిగారు, తొమ్మిది నెలల్లో ప్రభుత్వం మారింది. బండి రాజకీయాన్ని మార్చిందనడానికి తెలుగువాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? ఆ చైతన్య రథం ఊసే మీ వ్యాసంలో లేదు.

మొన్న పింఛను పని మీద మా పాత ఆఫీసుకి వెళ్లాను. నేను నడిపిన బండి ఆఫీసు వెనక వేపచెట్టు కింద ఇటుకల మీద ఉంది. టైర్లు లేవు. బానెట్లోంచి తిప్పతీగ పైకి పాకింది. అడిగితే, కండెం అయిపోయింది (ఇక పనికిరాదని రాసేశారు), పైనుంచి ఆర్డరు రాగానే వేలమేస్తామన్నారు. డ్రైవర్ల ఉద్యోగాలదీ అదే గతి. ఒకరు రిటైరైతే ఆ చోటు భర్తీ చేయరు, అద్దె బళ్లు పెడతారు. ఆ బళ్లు నడిపే కుర్రాళ్లకి మూడు నెలలుగా జీతం లేదట.

నిజాం వారి పసుపు రోల్స్ రాయిస్‌ని చౌమహల్లా ప్యాలెస్‌లో భద్రంగా చూపిస్తున్నారు. సంతోషం. 2014లో అంబాసిడర్ తయారయ్యే బెంగాల్‌లోని ఉత్తరపార ఫ్యాక్టరీ మూతపడింది, ఇక కొత్త అంబాసిడర్ రాదు. జిల్లాకొకటైనా కలెక్టరేటు ఆవరణలో రేకుల షెడ్డు కింద ఉంచమని అధికారులకు మీ పత్రిక ద్వారా మనవి. బండి ఏ రోజు ఎక్కడికి వెళ్లిందో రాసిన లాగ్‌బుక్కులు అదే ఆఫీసులో ఓ మూల గదిలో కట్టలు కట్టి ఉన్నాయి. చెదలు పట్టకముందే వాటినీ బయటికి తీయించండి. 1996 నవంబరు పేజీలన్నీ నా చేతిరాతే.

– ఒక రిటైర్డ్ డ్రైవరు, కాకినాడ