మీట పలకనంత మాత్రాన యంత్రం తుక్కు కాదు

అయ్యా,

హైదరాబాద్‌లో పాత వస్తువులు సేకరించేవారు కొన్న పిన్‌బాల్ యంత్రాలు (వాలుబల్ల మీద దొర్లే బంతిని బటన్లతో కొడుతూ ఆడేవి) మరమ్మతు కోసం అప్పుడప్పుడు నల్లగొండలోని మా షాపు దాకా వస్తున్నాయి. పక్కనున్న బటన్ నొక్కితే బంతిని కొట్టే మీట, అంటే ఫ్లిప్పర్, లేవదు, లేచినా బంతిని కొట్టే బలం ఉండదు. ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందని అప్పటికే ఎవరో తేల్చేసి ఉంటారు. చాలాసార్లు లోపం బటన్ వెనుకనున్న రేకుల స్విచ్‌లోనే ఉంటుంది, అదీ అంతకుముందు బాగుచేసినవారు పెట్టిన లోపమే.

మన జిల్లాలో ఎలక్ట్రికల్ మెకానిక్ పని నేర్చేది బోరు మోటారు స్టార్టర్ల మీద కనుక, పాయింట్లు (కాంటాక్టులు) మాడితే ఎమెరీ కాగితంతో రుద్దడం అందరికీ అలవాటు. 1970ల చివరిదాకా షికాగోలో గాట్‌లీబ్, బాలీ, విలియమ్స్ కంపెనీలు తయారుచేసిన ఎలక్ట్రానిక్ బోర్డు లేని రిలేల యంత్రాల్లో ఫ్లిప్పర్‌ను లేపే కాయిల్ కరెంటంతా బటన్ స్విచ్ గుండానే పోతుంది. దాని టంగ్‌స్టన్ కాంటాక్టులు నిప్పురవ్వలకు నల్లబడితే సన్నని ఆకురాయితో నునుపు చేయవచ్చు. తరువాతి ఎలక్ట్రానిక్ యంత్రాల్లో ఆటబల్ల మీది స్విచ్‌లలో పారే కరెంటు స్వల్పం కనుక కాంటాక్టులకు బంగారు పూత ఉంటుంది. ఆకురాయి తగిలితే ఆ పూత పోయినట్టే. అక్కడ దళసరి విజిటింగ్ కార్డును ఆల్కహాల్‌తో తడిపి కాంటాక్టుల మధ్య పెట్టి, రేకులను మెల్లగా అదిమి లాగితే మురికి నల్లటి గీతలా కార్డు మీదికి దిగుతుంది. గీత పడడం ఆగేదాకా లాగాలి, అంతే.

రేకు వంచాల్సివస్తే ప్లగ్ తీసి, ముందు స్విచ్ మరలు బిగించి, రేకులను విడిగా ఉంచే బేకలైట్ బిళ్లల పక్కన మొదట్లోనే వంచాలి. రిలేల యంత్రాల్లో ఫ్లిప్పర్ కింది స్విచ్ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఫ్లిప్పర్ పూర్తిగా లేచేసరికి అది తెరుచుకుంటేనే కాయిల్‌లోని సన్నతీగ చుట్ట కూడా వరుసలో కలిసి కరెంటు తగ్గుతుంది. తెరుచుకోకపోతే, బటన్ నొక్కి పట్టుకున్న కాసేపటికే కాయిల్ మాడుతుంది. కాయిల్ మార్చి ఈ స్విచ్ చూడకుండా పంపిన యంత్రం తిరిగి షాపుకే వస్తుంది.

కాంటాక్టు ఏ లోహానిది, దాని గుండా ఎంత కరెంటు పోతుంది అని చూశాకే పనిముట్టు పట్టాలన్న సంగతిని నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్ విద్యార్థులకు ఒక పూట ప్రాక్టికల్‌గా చూపించాలని అధ్యాపకులను కోరుతున్నాను. రుద్ది పాడుచేసిన స్విచ్‌లు మా షాపులో డబ్బా నిండా ఉన్నాయి, కావలసినవారికి ఉచితంగా ఇస్తాను.

— ఒక ఎలక్ట్రికల్ మెకానిక్, నల్లగొండ