కష్టమైన ఆట వేరు, జేబు కొట్టే ఆట వేరు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆదివారం అనుబంధంలో వీడియో గేమ్‌ల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. మరీ కష్టంగా తయారుచేసిన ఆటల వల్ల పిల్లల్లో చిరాకు, మొండితనం పెరుగుతున్నాయని అందులో రాశారు. నేను రాజమహేంద్రవరం దేవీచౌక్ దగ్గర మొబైల్ రిపేర్ షాపు నడుపుతున్నాను. పగలంతా పిల్లల ఫోన్లూ, వాళ్ల అమ్మానాన్నల ఫోన్లూ నా చేతుల్లోనే ఉంటాయి. రాత్రి షట్టర్ దించాక ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని నేనూ ఆడతాను, అదీ మీ వ్యాసం తప్పుపట్టిన రకం ఆటలే. రెండు వైపులా చూస్తున్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను, తప్పు కష్టానిది కాదు. ఆ కష్టాన్ని పెట్టినవాడు మన దగ్గర ఏం ఆశిస్తున్నాడో చూడాలి.

ఎల్డెన్ రింగ్ అనే ఆట సంగతి తీసుకోండి. మియాజాకి హిదెతాకా నాయకత్వంలో జపాన్ సంస్థ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తయారుచేసి 2022 ఫిబ్రవరిలో విడుదల చేసింది. ఏడాది తిరిగేసరికి 2 కోట్ల కాపీలు అమ్ముడుపోయాయి. ఆట మొదట్లోనే ఒక కోట వాకిట్లో మార్గిట్ అనే బాస్, అంటే ఓడిస్తేగానీ ముందుకు పోనివ్వని పెద్ద శత్రువు, అడ్డం పడతాడు. చేతికర్ర పైకెత్తుతాడు. ఎత్తి, అక్కడే ఆపుతాడు. వేరే ఆటలకు అలవాటుపడ్డ మన వేలు కర్ర లేవగానే పక్కకు దొర్లే బటన్ నొక్కేస్తుంది. మనం దొర్లి పైకి లేచే సమయానికి సరిగ్గా ఆ కర్ర నెత్తిన దిగుతుంది. ఎర్రక్షరాలతో ‘యూ డైడ్’ అని పడుతుంది. అలా ఎన్నిసార్లు పోయానో లెక్కే లేదు. పోగా పోగా తెలిసిందేమిటంటే, కర్ర వైపు కాదు, వాడి భుజం వైపు చూడాలి. భుజం కదిలినప్పుడు దొర్లితే దెబ్బ గాలికి పోతుంది, తిరిగి రెండు దెబ్బలు వెయ్యడానికి మనకు సందు దొరుకుతుంది.

ఇందులో నాకు నచ్చేది ఆ నిజాయితీ. మార్గిట్ ప్రతిసారీ అవే దెబ్బలు వేస్తాడు. మనం ఓడితే ఎందుకు ఓడామో కళ్లముందే ఉంటుంది. చచ్చినప్పుడు మనం కూడబెట్టిన రూన్లు, అంటే ఆ ఆటలో బలం పెంచుకోవడానికి వాడేవి, పడిన చోటే పడి ఉంటాయి, మళ్లీ వెళ్లి తెచ్చుకోవచ్చు. దారిలో రెండోసారి చస్తేనే పోతాయి. వాడితో ఇప్పుడే తేల్చుకోవాలన్న బలవంతం కూడా లేదు. కోట వదిలేసి దక్షిణం వైపు ఊళ్లు, గుహలు తిరిగి బలం పుంజుకుని రావచ్చు. మనకు తోడుగా తోడేళ్లను పిలుచుకోవచ్చు. ఇంకో ఆటగాణ్ణి సాయానికి రప్పించుకోవచ్చు. ఒక్క పని మాత్రం కుదరదు. కంపెనీకి డబ్బు కట్టి రూన్లు కొనుక్కోవడం కుదరదు, అలాంటి దుకాణమే ఆ ఆటలో లేదు. మనం ఓడిపోతే తయారుచేసినవాళ్లకు పైసా లాభం లేదు. కాబట్టి మనం నేర్చుకుని గెలవాలనే వాళ్లు ఆటను కట్టారు.

ఇప్పుడు ఫోన్లలో ఆడే ఆటలు చూడండి. క్యాండీ క్రష్ 2012 నుంచి ఉంది. ఐదు ప్రాణాలు ఇస్తుంది. అవి అయిపోతే ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి అరగంట ఆగాలి, లేదంటే డబ్బు పెట్టి కొనుక్కోవాలి. గెలుపు రెండు ఎత్తుల దూరంలో ఉండగా ఆట ముగిసిపోతుంది, వెంటనే ‘ఇంకో ఐదు ఎత్తులు కావాలా’ అని అడుగుతుంది. ఇక్కడ మనం ఓడితేనే వాళ్లకు రాబడి. రోడ్డు మీద వాళ్లే గుంత తవ్వి, దాటించడానికి డబ్బులడిగినట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

డబ్బులు పెట్టి కొన్న పెద్ద ఆటల్లోకీ ఇది పాకింది. 2017లో వచ్చిన మిడిల్ ఎర్త్: షాడో ఆఫ్ వార్ ఆఖరి భాగంలో కోటల మీద దాడులు తెగ సాగుతాయి. వాటిని కాచుకోవడానికి కావాల్సిన సైన్యాన్ని, లోపల ఏముందో ముందు తెలియని పెట్టెల్లో పెట్టి అసలు డబ్బుకు అమ్మారు. ఆటగాళ్లు దుమ్మెత్తిపోశారు. మరుసటి ఏడాది, అంటే 2018లో, ఆ దుకాణం తమ ఆట ప్రాణాన్నే దెబ్బతీస్తోందని తయారీదార్లే ఒప్పుకుని దాన్ని పూర్తిగా తీసేశారు. దాంతోపాటు ఆ ఆఖరి సాగతీతనూ తగ్గించారు. ఆ సాగతీత ఎవరి కోసం ఉందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మొన్నామధ్య మా షాపుకు ఒకావిడ వచ్చారు. “ఫోనెవరో హ్యాక్ చేసినట్టున్నారు, కాస్త చూడండి బాబూ” అని బ్యాంకు మెసేజీలు చూపించారు. 79, 159, మళ్లీ 79, 399. అన్నీ చిన్న చిన్న మొత్తాలే, కలిపితే ఆవిడ నెల జీతంలో పెద్ద ముక్క. హ్యాకూ లేదు, ఏమీ లేదు. ఏడో తరగతి చదివే కొడుకు ఒక షూటింగ్ గేమ్‌లో డైమండ్లు, అంటే ఆ ఆటలో చెల్లే నాణేల్లాంటివి, డబ్బు పెట్టి టాప్ అప్ చేసుకున్నాడు. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగు వాడే చేసిపెడతాడు కాబట్టి యూపీఐ పిన్ వాడికి తెలుసు. తలొంచుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి, ఏం కొన్నావో చూపించమన్నాను. మిగిలిన డైమండ్లతో ఒక స్పిన్ వేసి చూపించాడు. చక్రం గిర్రున తిరిగి, నెమ్మదించి, మెరుస్తున్న గన్ స్కిన్, అంటే తుపాకీ మీద వేసుకునే డిజైన్, ఉన్న గడి మీదుగా జారి సరిగ్గా దాని పక్క గడిలో ఆగింది. వచ్చింది ఒక టీషర్టు బొమ్మ, అదీ మూడు రోజులకే. “చూశారా అన్నా, ఒక్కటి తేడా” అన్నాడు. వాడి మాట విని నాకు భయం కలిగింది. అందులో నేర్చుకోవడానికేమీ లేదు. ఎక్కడ ఆగాలో చక్రం తిరగకముందే కంపెనీ కంప్యూటర్లో, అంటే సర్వర్‌లో, తేలిపోయి ఉంటుంది. ఆ గన్ స్కిన్ వచ్చే అవకాశం నూటికి ఎంతో చూద్దామని వెతికితే, మూలన చీమంత గుర్తు నొక్కాక రెండో పేజీలో చిన్నక్షరాల్లో కనిపించింది. పైగా స్పిన్‌కు కావాల్సిన డైమండ్లకూ, ప్యాక్‌లో ఇచ్చే డైమండ్లకూ ఎప్పుడూ లెక్క కుదరదు. కొన్ని మిగులుతాయి, అవి వాడాలంటే ఇంకో ప్యాక్ కొనాలి. మీ వ్యాసం చెప్పిన చిరాకు ఇక్కడ పుడుతోందండీ.

దీన్ని పట్టించుకున్న దేశాలున్నాయి. అరుదైన బొమ్మల సెట్టు పూర్తిచేస్తే బహుమతి ఇస్తామంటూ డబ్బు లాగే పద్ధతిని జపాన్ 2012లోనే ఆపించింది. ఏ వస్తువు వచ్చే అవకాశం ఎంత శాతమో బయటపెట్టాలని చైనా 2017లో నిబంధన తెచ్చింది. బెల్జియం 2018లో ఇలాంటి పెట్టెలు జూదం కిందికే వస్తాయంది. దాంతో 2019 జనవరిలో అక్కడ ఫిఫా ఫుట్‌బాల్ ఆటలో ఇలాంటివి కొనడానికి వాడే పాయింట్ల అమ్మకం ఆగిపోయింది. మన దగ్గర ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పందెం ఆటలన్నింటికీ కలిపి చట్టం చేసింది. మంచిదే. కానీ అప్పుడు చర్చంతా రమ్మీ చుట్టూ, ఫాంటసీ క్రికెట్ చుట్టూ తిరిగింది. డబ్బు పెట్టి డబ్బు ఆశించేవాడి గురించి మాట్లాడారు. డబ్బు పెట్టి మూడు రోజుల టీషర్టు బొమ్మ ఆశించే ఏడో తరగతి పిల్లవాడి గురించి ఎవరూ మాట్లాడలేదు.

మా గేమర్లలోనూ ఒక జబ్బు ఉంది, అదీ చెప్పాలి. కష్టమైన ఆటలో ఎవరైనా సులువు దారి అడిగితే “చేతకాకపోతే మానెయ్” అని ఎగతాళి చేస్తారు. నాకది అస్సలు నచ్చదు. 2018లో వచ్చిన సెలెస్ట్ చాలా కష్టమైన ఆట. అందులో అసిస్ట్ మోడ్ అని ఉంది. ఆట వేగాన్ని సగానికి తగ్గించుకోవచ్చు, అసలు దెబ్బే తగలకుండా పెట్టుకోవచ్చు. దానికి రూపాయి అడగరు, వెక్కిరించరు. అన్ని ఆటల్లోనూ సులువు మోడ్ పెట్టి తీరాలని నేననను, అది తయారుచేసేవాళ్ల ఇష్టం. బటన్లు మార్చుకునే వీలు, పెద్ద అక్షరాలు, రంగులు సరిగ్గా కనపడనివాళ్లకు వేరే రంగులు మాత్రం ఏ ఆటలోనైనా ఉండాల్సిందే. 2020లో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 అనే ఆట ఇలాంటివి 60కి పైగా ఇచ్చింది. పెద్ద కంపెనీలకు చేతకాని పనేమీ కాదు.

కొన్న ఆట మన దగ్గర ఉంటుందన్న నమ్మకమూ పోతోంది. 2014లో వచ్చిన ద క్రూ అనే కార్ల ఆట సర్వర్లను దాన్ని అమ్మిన సంస్థ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. ఒంటరిగా ఆడుకునే భాగం కూడా ఇంటర్నెట్ మీదే నడిచేది కాబట్టి డిస్కు కొన్నవాళ్లకు డిస్కే మిగిలింది. యూరప్‌లో దీని మీద మొదలైన పిటిషన్‌కు 2025 జులైకి 10 లక్షల సంతకాలు దాటాయి. మా చిన్నప్పటి కాంట్రా గేమ్ క్యాసెట్ ఇప్పటికీ మా షాపులో ఆడుతుంది.

కాబట్టి నా విన్నపం, కష్టమైన ఆటలన్నింటినీ ఒకే గాటన కట్టి రాయకండి. ఆటలో అమ్మేదేదైనా డైమండ్లలో కాక రూపాయల్లో ధర చూపించాలని, వచ్చే అవకాశం శాతాన్ని స్పిన్ బటన్ పక్కనే పెద్దక్షరాల్లో వెయ్యాలని ప్రభుత్వాన్ని అడుగుతూ రాయండి. వేసవి సెలవులు మొదలయ్యేలోగా ఒక పావు పేజీ తల్లిదండ్రుల కోసం కేటాయించండి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా ఎలా పెట్టుకోవాలో, పిల్లలకిచ్చే ఫోన్‌లో యూపీఐ ఎందుకు ఉండకూడదో ఫొటోలతో సహా వెయ్యండి. ఆ స్క్రీన్‌షాట్లు కావాలంటే నేనే తీసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
మొబైల్ రిపేర్ షాపు, దేవీచౌక్, రాజమహేంద్రవరం