బల్బులు మార్చొద్దు తమ్ముడూ

వఫ్రా, కువైట్
జూన్ 9

తమ్ముడూ,

నేనిక్కడ బాగున్నాను. అమ్మ, నాయన, నువ్వు, మరదలు, పిల్లలు అంతా బాగున్నారని తలుస్తాను. నాయన మోకాళ్ల నొప్పికి పోయిన నెల పంపిన మాత్రలు అయిపోతే చెప్పు, మళ్లీ పంపుతాను.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిన మాట నా మనసులోంచి పోవడం లేదు. బండి హెడ్‌లైట్లు కిరసనాయిలు బుడ్డి మాదిరి మసకగా వెలుగుతున్నాయి, రెండు 100/90 బల్బులు (హైలో 100 వాట్లు, డిమ్‌లో 90) కొన్నాను, ఆదివారం వేసేస్తాను అన్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా ఉత్తరం అందేదాకా వాటిని ముట్టుకోవద్దు అని అప్పటికి చెప్పి ఊరుకున్నాను. ఎందుకు వద్దన్నానో ఫోన్లో చెబితే తెగదు, బొమ్మ గీసి చూపించాలి. మన కోడూరు అబ్బాయి ఒకడు సెలవు మీద వస్తున్నాడు, అతని చేతికే ఇది ఇస్తున్నాను. దీంతోపాటు ఒక డబ్బా కూడా ఉంది. అందులో ఏముందో చివర రాస్తాను.

మా తోటలో ఉన్న పికప్ నీకు తెలుసు కదా, 1989 మోడల్ అమెరికా బండి. ఇక్కడ పికప్‌ను వనేట్ అంటారు. వారానికి మూడు రాత్రులు దోసకాయలు, టమాటాలు ఎక్కించుకుని సులైబియా కూరగాయల మార్కెట్‌కి పోతాను. ఏప్రిల్లో ఒకరోజు తెల్లవారుజామున మూడింటప్పుడు, రెండు పక్కలా ఎడారి తప్ప ఏమీ లేని చోట, హెడ్‌లైట్లు రెండూ ఒక్కసారిగా ఆరిపోయాయి. ముందు రోడ్డు లేదు, గీత లేదు, ఏమీ లేదు. వేగం తొంభై మీద ఉంది. స్టీరింగ్ కదలకుండా గట్టిగా పట్టుకుని, బ్రేకు మెల్లగా నొక్కుతూ పక్కకి ఆపాను. చేతులు వణుకుతున్నాయి. అద్దం దించితే ప్లాస్టిక్ కాలిన వాసన. ఒక నిమిషం గడిచిందో లేదో, నేనేమీ ముట్టుకోకుండానే లైట్లు వాటంతట అవే వచ్చేశాయి. పది నిమిషాలు పోయాక మళ్లీ ఆరిపోయాయి. ఇక ముందుకు పోకుండా తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాను.

అవి వాటంతట అవే ఎందుకొచ్చాయో నాకు తరువాత తెలిసింది. ఇలాంటి పాత అమెరికా బండ్లలో హెడ్‌లైట్లకు వేరే ఫ్యూజు ఉండదు. డ్యాష్‌బోర్డులో స్విచ్చు లోపలే ఒక బ్రేకర్ ఉంటుంది. అది ఒక లోహపు రేకు. వేడెక్కితే వంగి కరెంటు తెంపుతుంది, చల్లారితే మళ్లీ కలుపుతుంది. ఆ రేకు నన్ను హెచ్చరించింది. నీ బండిలో అది లేదు, ఫ్యూజే ఉంది. నా భయం అక్కడే. ఎందుకో చెబుతాను.

మరుసటి రోజు షెడ్డు కింద బండి పెట్టి విప్పాను. ఎండాకాలంలో ఇక్కడ పగలు పదకొండు నుంచి నాలుగు దాకా బయట పని చేయించకూడదని ప్రభుత్వ నియమం ఉంది. ఏప్రిల్‌కి అది వర్తించదు గానీ, అప్పటికే వేడి తక్కువేం లేదు. 2016 జూలైలో ఈ దేశంలోనే మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండలో బానెట్ కింద వైర్ల గతి ఏమిటో ఆలోచించు.

ఎడమ లైటు వెనక ప్లగ్గు పీకబోతే రాలేదు. బెల్లం పాకం కారి గడ్డకట్టినట్టు ప్లాస్టిక్ కరిగి బల్బు కాళ్లను పట్టేసుకుంది. సన్న స్క్రూడ్రైవర్‌తో ముక్కలు ముక్కలుగా తీశాను. మూడు కాళ్లలో రెండు బాగానే ఉన్నాయి. డిమ్ కాలు ఒక్కటే నీలం, నలుపు కలిసిన రంగుకి తిరిగింది. దాన్ని పట్టుకునే రేకు బిగువు పోయి నోరు తెరుచుకుని ఉంది. వైరు తొక్క ఒలిస్తే లోపల రాగి నల్లగా, గిల్లితే పొడిగా రాలుతోంది. జానెడు పొడవు కోస్తే తప్ప మెరిసే రాగి కనపడలేదు. బల్బు తీసి చూస్తే దాని మీద 100/90 అని ఉంది. నాకంటే ముందున్న డ్రైవరు వేసింది. ఈ బండికి కంపెనీ నుంచి వచ్చేవి 65/35 వాట్లవి.

ఇప్పుడు నీ బండి లెక్క చూడు. నీవి 60/55 బల్బులు. డిమ్‌లో రెండూ కలిపి 110 వాట్లు, పన్నెండు వోల్టులకి తొమ్మిది ఆంపియర్లు. 100/90 వేస్తే 180 వాట్లు, అంటే పదిహేను ఆంపియర్లు. కరెంటు ఒకటికి రెండయితే వైరులో వేడి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. అలా తొమ్మిది పదిహేనైతే వేడి దాదాపు మూడింతలు. పాత వైరు, పాత స్విచ్చు, హై, డిమ్ మార్చే పాత డిప్పర్ అవేవీ మారకుండా బల్బు మాత్రం మార్చితే ఆ వేడంతా ఎక్కడికి పోతుంది?

ఫ్యూజు ఉందిగా అంటావు. ఫ్యూజు కాపాడేది షార్ట్ అయినప్పుడు, కరెంటు హద్దు మీరినప్పుడు. లూజు కాంటాక్టు దగ్గర కరెంటు పెరగదు తమ్ముడూ, ఇంకా కాస్త తగ్గుతుంది. ఫ్యూజుకి అంతా బాగున్నట్టే ఉంటుంది, ప్లగ్గు మాత్రం కాలిపోతూ ఉంటుంది. ప్లగ్గు కాలుతున్నా ఫ్యూజు పోకపోవడం వింత కాదు, అలాగే జరుగుతుంది.

మీటరు పెట్టడంలో నేను ఒక పొరపాటు చేశాను, నువ్వు చెయ్యొద్దు. ప్లగ్గు పీకి, అందులో మీటరు పెడితే ఇంజను నడుస్తుండగా 14 వోల్టులు చూపించింది. వైరు బాగుందనుకుని గంటసేపు వేరే చోట్ల వెతికాను. మన తోటలో డ్రిప్ పైపు చివర మూసి పెడితే ప్రెషర్ నిండుగా ఉన్నట్టే ఉంటుంది, లోపల ఎంత మట్టి పేరుకుందో చివర విప్పినప్పుడే తెలుస్తుంది. ఇదీ అంతే. బల్బు వెలుగుతుండగా చూడాలి. ప్లగ్గు వెనక నుంచి వైరు పక్కగా గుండుసూది దూర్చి, దాని మీద మీటరు ఎర్ర కొన పెట్టు, నల్ల కొన బ్యాటరీ మైనస్ మీద ఉండాలి. అలా చూస్తే బ్యాటరీ దగ్గర 14.1, ప్లగ్గు దగ్గర 11.2. తరువాత ఎర్ర కొనని ఆ బల్బు ఎర్తు కాలు మీద పెట్టు. అక్కడ దాదాపు సున్నా రావాలి. నాకు అర వోల్టు వచ్చింది, ఎర్తు బోల్టు కింద అంతా తుప్పు. అంటే బల్బుకి నిజంగా అందింది 10.7 మాత్రమే.

మధ్యలో పోయిన 3.4 వోల్టులు గాలిలో కలవలేదు. ఆ కరెంటుకి లెక్క వేస్తే 40 వాట్ల పైనే. నాయన రేడియో బాగుచేయడానికి వాడే టంకం కడ్డీకి కూడా అన్ని వాట్లు ఉండవు. అలాంటిది ఒకటి స్విచ్చులో, డిప్పర్‌లో, ప్లగ్గులో పంచుకుని రాత్రంతా కాలుతూ ఉందన్నమాట. పోనీ వెలుగు వచ్చిందా అంటే అదీ లేదు. హాలోజన్ బల్బుకి వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. నాకు దాదాపు నాలుగో వంతు తగ్గింది, వెలుగు సగం కూడా రాలేదు. మంచి వైరు మీద వెలిగే 55 వాట్ల బల్బు దానికంటే బాగా వెలుగుతుంది. అందుకే నీ లైట్లు మసకబారితే తప్పు బల్బుది కాదంటున్నాను.

శువైఖ్‌లో ఒక షాపులో చూపించాను. కొత్త ప్లగ్గు పెట్టి టేపు చుట్టేస్తాను, అయిదు నిమిషాల పని అన్నాడు. నేను ఒప్పుకోలేదు. టేపు ఎండకి జిగురు కారి ఊడిపోతుంది, లోపల నల్లబడిన రాగి అలాగే ఉంటుంది. సామాను కొనుక్కుని వచ్చి నేనే చేశాను.

ముందు బ్యాటరీ మైనస్ తీసేశాను. రెండు రిలేలు, ఒకటి డిమ్‌కి, ఒకటి హైకి. రిలే అంటే లోపలి తీగచుట్టకి కొద్దిగా కరెంటు ఇస్తే పెద్ద కరెంటును కలిపే స్విచ్చు. బ్యాటరీ ప్లస్ నుంచి 4 స్క్వేర్ (నాలుగు చదరపు మిల్లీమీటర్ల) వైరు లాగి, బ్యాటరీకి జానెడు లోపలే 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి రిలే 30 నంబరు కాలికి ఇచ్చాను. 87 నుంచి బల్బుకి. పాత హెడ్‌లైటు వైరు ఇప్పుడు 86కి పోతుంది, 85 ఎర్తుకి. ఇకమీదట స్విచ్చు గుండా పోయేది రిలే చుట్టకి కావలసిన కరెంటు మాత్రమే, ఒక్కోదానికి ఆంపియరులో ఆరో ఏడో వంతు. బల్బుల దగ్గర సిరామిక్ హోల్డర్లు పెట్టాను, అవి కరగవు. ఒక్కో బల్బుకి వేరుగా ఎర్తు వైరు వేసి, బాడీ మీద పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద బిగించాను. స్విచ్చు కూడా కొత్తది వేశాను, పాతదాని కాంటాక్టులు మాడిపోయాయి. ఇళ్లకు వేసే వైరు మాత్రం వాడొద్దు, బానెట్ కింద దాని తొక్క తట్టుకోదు. బండ్లకని అమ్మే వైరే అడుగు. రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం మనకు అలవాటే, ఇక్కడ ఆ పని వద్దు. వైరు చివర లగ్గు (లోహపు తొడుగు) వేసి పట్టకారుతో నొక్కి, గట్టిగా లాగి చూసి, ఆ తరువాత స్లీవ్ వెయ్యి.

మామూలు 60/55 బల్బులే పెట్టాను. ఇప్పుడు ప్లగ్గు దగ్గర 13.6 వస్తోంది. అరగంట వెలిగించి హోల్డరు వెనక వైర్ల మీద చెయ్యి పెట్టాను, వేడి తెలియలేదు.

ఆ వారమే మార్కెట్ నుంచి వస్తుంటే రోడ్డు మీద ఒంటె నిలబడి ఉంది. ఒంటె ఒళ్లు ఎత్తులో ఉంటుంది కదా, డిమ్ లైటుకి దాని కాళ్లు మాత్రమే కనపడతాయి, అదీ రోడ్డు రంగులోనే ఉంటాయి. నాలుగు సన్న కర్రల్లాగా దూరం నుంచే కనపడ్డాయి. తీరిగ్గా ఆపాను. పాత లైట్లతో అయితే నాకు కనపడి ఉండేవి కాదు.

మామిడికాయల లోడుతో నువ్వు బాలుపల్లె అడవిలో రాత్రిపూట పోతున్నావన్న సంగతి నాకెప్పుడూ గుర్తుంటుంది. అందుకే ఇంత పొడుగ్గా రాశాను. డబ్బాలో రెండు రిలేలు, వాటి సాకెట్లు, రెండు సిరామిక్ హోల్డర్లు, ఫ్యూజు హోల్డర్లు, లగ్గులు, లగ్గులు నొక్కే పట్టకారు ఉన్నాయి. వైరు అక్కడే కొనుక్కో. బొమ్మ ఈ కాగితం వెనక గీశాను, ప్లస్ వైర్లు ఎర్ర ఇంకుతో, ఎర్తు నల్ల ఇంకుతో. నాయనకు చూపించు, ఆయనకు చూడగానే అర్థమవుతుంది. పని మొదలుపెట్టే ముందు రెండు పక్కలా వోల్టులు రాసుకుని నాకు వాట్సాప్‌లో పంపు. ఒక పక్కే తక్కువగా ఉంటే ఆ పక్క ప్లగ్గో ఎర్తో చూడాలి, రెండు పక్కలా తక్కువగా ఉంటే స్విచ్చు, డిప్పర్. నేను చూసి చెప్పాకే విప్పు.

ఆ 100/90 బల్బులు షాపు వాడికి తిరిగి ఇచ్చెయ్. తీసుకోకపోతే డబ్బు పోయినా పర్వాలేదు, నేను పంపుతాను. ఈ పని అయ్యేదాకా రాత్రి లోడు ఒప్పుకోవద్దు.

మీ అన్న