పెళ్లి వీడియోలకు గేమింగ్ సిస్టమ్‌లా?

ఎడిటర్ గారికి,

డిగ్రీ అయిపోగానే ఎడిటింగ్ నేర్చుకుందామనుకునే పిల్లల కోసం పత్రికల ఉపాధి పేజీల్లో కోర్సుల గురించి తరచూ రాస్తుంటారు, మంచిదే. కానీ కోర్సు ఫీజు కంటే ఎన్నో రెట్లు ఖర్చయ్యేది సిస్టమ్‌కి, దాన్ని ఎలా ఎంచుకోవాలో మాత్రం ఎవరూ రాయరు. నేను పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు చేసుకుని బతికేవాణ్ణి. కొత్తగా ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్ల బల్లల మీద నాకు కనిపించేది ఎప్పుడూ ఒకటే సరుకు: గాజు క్యాబినెట్, లోపల రంగురంగుల లైట్లు, ఉన్న డబ్బంతా మింగేసిన గ్రాఫిక్స్ కార్డు. బడ్జెట్ ఎంత అని అడగని షాపు లేదు గానీ, ఏ కెమెరాతో తీస్తున్నావు బాబూ అని అడిగే షాపు చాలా అరుదు.

అసలు అడగాల్సింది అదే. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు ఫైలు చిన్నగా ఉండాలని ప్రతి ఫ్రేమునీ పూర్తిగా దాచవు, ముందు ఫ్రేముకీ దీనికీ మధ్య మారిందేదో అది మాత్రం దాస్తాయి, కాబట్టి టైమ్‌లైన్ మీద ప్లే చేసిన ప్రతిసారీ సిస్టమ్ దాన్ని విప్పుకోవాలి. అందులోనూ రంగులు బాగా రావాలని హెచ్.265 (వీడియోను కుదించే పద్ధతి)లో 10 బిట్, 4:2:2 (రంగుల వివరాలు ఎక్కువగా దాచే సెట్టింగ్) పెట్టి తీస్తే ఆ విప్పే పని ఇంకా బరువు. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ ఈ పని సులువుగా చేస్తుంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో అయితే 2025లో వచ్చిన 50 సిరీస్ కార్డులతోనే ఈ సౌకర్యం మొదలైంది, 30, 40 సిరీస్ కార్డులు ఎంత ఖరీదువైనా 4:2:2ను విప్పలేవు.

మా వీధిలో ఒక కుర్రాడు 40 సిరీస్ కార్డుతో సిస్టమ్ కట్టించుకున్నాడు. వెళ్లి చూస్తే భజంత్రీలు ఆగకుండా మోగుతున్నాయి, తెర మీద మాత్రం జీలకర్ర బెల్లం పెట్టబోయిన పెళ్లికొడుకు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. గ్రాఫిక్స్ కార్డు చాలలేదేమో, ఇంకా పెద్దది కొనాలేమో అని వాడి టెన్షన్. కారణం వేరే. బిల్లులో ప్రాసెసర్ నంబరు చివర ‘ఎఫ్’ ఉంది. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేనిది, కాస్త తక్కువకు వస్తుందని షాపువాళ్లు అదే పెట్టేస్తారు, గేములు ఆడేవాడికి దానివల్ల నష్టమేమీ లేదు, ఈ ఫుటేజీతో పనిచేసేవాడికి మాత్రం గుండెకాయ తీసేసినట్టే. ఎఫ్ లేని ప్రాసెసర్ వేయించి, బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, లోపలి గ్రాఫిక్స్ ఆన్ చేస్తే (కార్డు బిగించాక కొన్ని బోర్డులు దాన్ని ఆపేస్తాయి) పాత కార్డుతోనే పని నడిచింది. అది కూడా మార్చే స్తోమత లేనివాళ్లు ప్రాక్సీలు (అసలు ఫుటేజీకి తేలికపాటి నకళ్లు) చేసుకుని ఎడిట్ చేసుకోవచ్చు, ఖర్చు లేదు, కాకపోతే ప్రాక్సీలు తయారయ్యేదాకా కాచుకోవాలి.

ఫొటోల సంగతి వేరు. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు 300 డీపీఐలో అంటే 3600×10800 పిక్సెళ్లు, దాని మీద పదిహేను ఇరవై లేయర్లు పడితే ర్యామ్ 16 జీబీ దేనికీ రాదు, 32 ఉండాలి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, ఏఐ డేటా సెంటర్లు మెమరీనంతా లాగేసుకుంటున్నాయి, మెమరీ తయారుచేసే మైక్రాన్ కంపెనీ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు అమ్మే వ్యాపారాన్నే మానేస్తున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. అందుకని షాపుల్లో ఒక్క స్టిక్ పెట్టి తర్వాత కలుపుకోవచ్చులే అంటున్నారు. కలుపుకోవచ్చు, కానీ ఇప్పటి ర్యామ్ రకమైన డీడీఆర్5లో నాలుగు స్లాట్లూ నింపితే స్పీడు తగ్గించి నడపాల్సి వస్తుంది, కాబట్టి లెక్క ముందే వేసుకుని రెండు స్టిక్‌లతో ముగించడం మేలు.

స్టోరేజీ గురించి ఒక్క లెక్క చెప్తాను. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు ఆరు గంటలు తిరిగితే 540 జీబీ, అదీ ఒక్క పెళ్లికి. చవక ఎస్‌ఎస్‌డీలు మొదట్లో పరుగెత్తి, క్యాష్ (వేగంగా రాసుకునే కొద్దిపాటి చోటు) నిండాక నత్తనడక నడుస్తాయి, కాపీ మొదలైన కాసేపటికి చూస్తే తెలుస్తుంది. ఇక మే నెలలో పైఅంతస్తు గదిలో రాత్రంతా ఎక్స్‌పోర్ట్ పెట్టేవాడికి లైట్ల కంటే మంచి కూలర్, పేరున్న ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే పెట్టె) ముఖ్యమని వేరే చెప్పాలా?

పార్ట్‌లు కొనడానికి హైదరాబాద్ మంచి ఊరే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే పక్కపక్కనే పది షాపుల్లో రేటు కనుక్కోవచ్చు. నా గొడవల్లా కొటేషన్ కాగితంతోనే. విజిటింగ్ కార్డు వెనకాల ‘ఐ7, 16 జీబీ, 1 టీబీ, 8 జీబీ కార్డు’ అని గీకిచ్చే కాగితాన్ని కొటేషన్ అనలేం. ప్రాసెసర్ పూర్తి నంబరు, అది కంపెనీ డబ్బాలో వచ్చే బాక్సుదా, డబ్బా లేకుండా విడిగా వచ్చే ట్రేదా, ర్యామ్ ఎన్ని స్టిక్‌లు, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ మోడళ్లు, అన్నీ అందులో ఉండాలి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని వోల్టేజీ సమస్యతో చెడిపోతున్నాయని కంపెనీయే 2024లో ఒప్పుకుని వారంటీని 3 నుంచి 5 ఏళ్లకు పెంచింది. అయితే బాక్సుది కొన్నవాళ్లు నేరుగా కంపెనీనే అడగొచ్చు, ట్రేది కొన్నవాళ్లు అమ్మిన షాపు చుట్టూనే తిరగాలి. జీఎస్టీ బిల్లు వద్దంటే రేటు తగ్గిస్తామనే బేరానికి ఒప్పుకున్నవాళ్లు అక్కడికి వెళ్లి ఏం చూపిస్తారో మరి.

ఈ కుర్రాళ్లలో చాలామంది అప్పు చేసి కొంటున్నారు. వారానికి ఒకసారి ఫోన్ల గురించి అర పేజీ ఇస్తున్నారు కదా, అందులో ఒక్క వారం వీళ్లకు కేటాయించండి. అలాగే షాపువాళ్లకు నాదొక విన్నపం: డెలివరీ రోజున ‘ఆ మోడల్ స్టాక్ లేదు సార్, అలాంటిదే వేశాం’ అనే బదులు, బిగించకముందే ఒక ఫోన్ చేసి అడగండి.

- ఒక వీడియో ఎడిటర్, యూసఫ్‌గూడ, హైదరాబాద్