ప్యానెల్ సరే, ప్లగ్గు ఏదీ?

సంపాదకులకు,

నాలుగు రోజుల కిందట మీ జిల్లా పేజీలో 'డిజిటల్ బాటలో సర్కారు బడి' అంటూ వేసిన ఫొటో గురించి ఈ ఉత్తరం. అధికారి గారు ఐఎఫ్‌పీ అనే, తాకితే పనిచేసే డిజిటల్ ప్యానెల్ తెర మీద వేలు పెడితే పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. బావుంది. గోడ వారగా నల్ల వైరొకటి పడింది, గమనించారో లేదో. ఆ గదిలో ప్లగ్గు పనిచేయదు. ఆ పూటకి వంటగదిలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగారు. కారు గేటు దాటగానే బాక్సు వంటగదికి పోయింది, ప్యానెల్ మీద పాత దుప్పటి పడింది. బడి మా ఇంటి ఎదురే, కళ్లారా చూశాను.

ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి, తెర పాఠాలకు అడ్డం చెప్పేవాణ్ణి కాదు. గుండె బొమ్మ నల్లబల్ల మీద గీసి గీసి విసిగినవాడికి, కవాటాలు తెరుచుకోవడం తెర మీద చూపిస్తే ఎంత తేలికో తెలియదా? 2004లో చదువుల కోసమని శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని పంపితే బడిలో మిఠాయిలు పంచాను. తర్వాత మా బడికీ, ఉపగ్రహం ద్వారా పాఠాలు చెప్పే సర్కారు చానెల్ 'మన టీవీ' డిష్ వచ్చింది. ఏడాదిన్నరకి అందులో పావురాలు గుడ్లు పెట్టాయి. కేబుల్ ఎలుక కొరికిందని తేల్చారు గానీ, కొత్తది ఎవరు కొనాలో నేను రిటైరయ్యేదాకా తేలలేదు.

2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చారు. నెట్ లేకపోయినా చదువుకునేలా పాఠాలు ఎస్‌డీ కార్డులో వేసిచ్చారు. మంచి ఆలోచనే, కాదనను. మా మనవరాలి ట్యాబు మరుసటి ఏడాదే నల్లబడితే మా ఊరి సచివాలయంలో బాగుచేయమని ఇచ్చాం. వారంలో వస్తుందన్నది దసరా దాటి సంక్రాంతికి వచ్చింది, కార్డు లేకుండా. అడిగితే "అది మా పరిధి కాదండీ" అన్నారు. మరి ఎవరి పరిధిలో మాయమైందో!

పోనీ టీచర్లు చూసుకోవాలా? మరుగుదొడ్ల ఫొటోలు, కోడిగుడ్ల లెక్కలు యాప్‌లోకి ఎక్కించడానికే వాళ్లకి సగం పొద్దు పోయేది. కొనడానికి కోట్లుంటాయి, ప్రభుత్వం మారితే స్టిక్కర్లు మార్చడానికీ ఉంటాయి. మండలానికో మెకానిక్కును పెట్టమంటే మాత్రం పోస్టు మంజూరు కాలేదంటారు.

మీ విలేకరికి ఒక్క మనవి. ఈసారి ఫొటో తీశాక, ఆ వైరు పట్టుకుని వంటగది దాకా నడవమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా